చెవిలో వేలు

“బొమ్మ పైకి రావాలి కోల్. చుట్టినా సరే, వేలు కనపడాలి. జనం కొనేది ఆ వేలునే,” అన్నాడు భర్త రస్, కాఫీ కప్పుతో భోజనాల బల్ల పక్కనుంచి నడిచిపోతూ.

కోలీన్ చేతిలో ఉన్న టీషర్టుని విప్పి, తిరగేసి, మళ్ళీ కింది నుంచి చుట్టడం మొదలుపెట్టింది. ఊరూరా తిరిగి పాడే బాండువాళ్ళ ఇళ్ళలో టీషర్టులు మడత పెట్టరు, చుడతారు. చుట్టిన దాని నడుముకి కాగితపు టేపు వేసి, దాని మీద సైజు రాసి అట్టపెట్టెలో నిలబెడితే, చీకటి హాళ్ళలో, తొక్కిసలాటలో అడిగింది అడిగినట్టు తీసి ఇవ్వొచ్చు. ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. బాండు పెట్టిన కొత్తలో ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి చేసింది, ఒకసారి చేసింది కాబట్టి అది ఆమె పనే అయి కూర్చుంది. డ్రమ్ములు వాయించేవాళ్ళు వచ్చారు, పోయారు. బేసు గిటారు వాళ్ళు వచ్చారు, పోయారు. టీషర్టులు చుట్టే ఉద్యోగం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఖాళీ అవలేదు.

టీషర్టు మీద బొమ్మలో ఒక పిల్ల మైకు ముందు కళ్ళు మూసుకుని నిలబడి ఉంటుంది. ఎడంచేతి చూపుడువేలు ఎడమచెవిలో ఉంటుంది. నాలుగు గీతలు, అంతే, ముక్కు కూడా లేదు. ఎప్పుడో ఒక హోటల్ గదిలో చేతికందిన కాగితం మీద రస్ గీశాడు. ఒకప్పుడు ఆ బొమ్మ చూపిస్తే దేశంలో ఏ మూల కాలేజీ పిల్లలైనా ‘కోల్డ్ పాంట్రీ’ అని బాండు పేరు చెప్పేసేవాళ్ళు. ఆ పిల్ల కోలీనే. ఇప్పుడు నలభై ఆరేళ్ళొచ్చి, డేటన్‌లో స్కూలు బస్సు నడుపుకుంటూ, శనివారం పొద్దున్నే తన బొమ్మని తనే చుట్టుకుంటోంది. అందులో బాధపడాల్సిందేమన్నా ఉందా అని ఒకసారి లోపల తడిమి చూసుకుంది. ఏమీ చేతికి తగల్లేదు. పన్ను పీకించుకున్న పూట బుగ్గ ఎలా ఉంటుందో అలా ఉంది లోపలంతా, చాలాకాలంగా. ఇంకో టీషర్టు అందుకుంది.

“ఆ పిల్లకి చెవిపోటా?” అంది అత్తగారు డాట్, కిటికీ పక్క కుర్చీలోంచి.

“కాదత్తయ్యా. అది నేనే.”

“నీకెప్పుడొచ్చింది చెవిపోటు? ఈ ఇంట్లో నాకెవరూ ఏదీ చెప్పరు.”

“ఎప్పుడో లెండి. తగ్గిపోయింది.”

“గోరువెచ్చగా వెల్లుల్లి నూనె వేసుకోవాల్సింది,” అని డాట్ మళ్ళీ టీవీలోకి వెళ్ళిపోయింది.

ఆ వేలు గురించి రస్ దగ్గర ఒక కథ ఉంది. అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు. “కోలీన్ పాడేటప్పుడు ఈ లోకంలో ఉండదండీ. లోపలి పాట వినపడాలని బయటి లోకానికి తలుపేసుకుంటుంది. ఆ వేలే గడియ,” అంటాడు. పత్రికలవాళ్ళు రాసుకుంటారు. అంత బాగా చెప్పాడు కనక మొదటిసారి విన్నప్పుడు కోలీన్ కూడా కాసేపు నమ్మింది. ఆ తరవాత రస్ అలా లోకం చెవిలో పువ్వులు పెడుతుంటే పక్కన కూర్చుని నవ్వడం కూడా ఆమె పనుల్లో కలిసిపోయింది. ముందు వరసలో ఆడపిల్లలు చెవిలో వేలు పెట్టుకుని ఆమెతో పాటు పాడేవాళ్ళు. వాళ్ళ మొహాల్లో అంత భక్తి చూశాక అసలు సంగతి చెప్పడానికి నోరొచ్చేది కాదు.

అసలు సంగతి చాలా చిన్నది. ఆమెకి తన గొంతు వినపడేది కాదు.

స్టేజి మీద పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర, వాళ్ళ మొహాల వైపే తిరిగి ఒక స్పీకరు ఉంటుంది. దాన్ని మానిటరంటారు. జనానికి వినపడేది వేరు, పాడేవాళ్ళకి వినపడేది వేరు. తన గొంతు తనకి వినపడాలన్నా, పక్కవాడి గిటారు వినపడాలన్నా, సౌండు చూసే అతనికి చెబితే అది మాత్రం ఆ మానిటర్లోకి పంపిస్తాడు. సాయంత్రం ఆట మొదలయ్యే ముందు సౌండ్ చెక్ అని పెట్టుకునేది అందుకే. కోల్డ్ పాంట్రీ పాడిన మొట్టమొదటి హాల్లో, సౌండు అతను రస్‌ని అడిగాడు, “నీకేం కావాలి?” అని. “నా గిటారు బాగా ఎక్కువగా, డ్రమ్ములు కొంచెం.” “ఆవిడకి?” రస్ గిటారు తీగలు బిగించుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు, “ఆవిడకీ నాకిచ్చిందే ఇవ్వండి.”

ఆ రాత్రి ఆమె పాడింది గాని ఏం పాడిందో ఆమెకే తెలీదు. కాళ్ళ దగ్గర్నుంచి రస్ గిటారు గోలగోలగా మీదికొస్తుంటే, పెదాలు కదలడం, గొంతు నరాలు లాగడం తప్ప ఇంకేమీ తెలియక, శ్రుతి తప్పుతున్నానేమోనన్న భయంతో వేలు తీసి చెవిలో పెట్టుకుంది. చెవి మూసుకుంటే కపాలంలోంచి సొంత గొంతు కాస్త మోగుతుంది. చర్చిలో పాడే చిన్నపిల్లలకి కూడా తెలిసిన చిట్కా అది. మర్నాడు ఊళ్ళో పేపర్లో ఆ ఫొటోయే వేశారు.

తరవాత ఎన్ని ఊళ్ళు తిరిగారో. ప్రతి ఊళ్ళోనూ ఒక సౌండు అతను ఉండేవాడు. ప్రతి అతనూ ఆమెని చూసి, “టీషర్టుల బల్ల అటుపక్క వేసుకో అమ్మాయ్,” అనేవాడు. పాడేది తనే అని చెబితే, “ఓహో,” అని, “మీ ఆయన ఎక్కడ? మానిటర్ల గురించి అడగాలి,” అనేవాడు. రస్ వచ్చి అదే మాట చెప్పేవాడు, ఆవిడకీ నాకిచ్చిందే ఇవ్వండి అని. అందులో దురుద్దేశం లేదు. రెస్టారెంట్లో కూడా అతను అలాగే చెబుతాడు, ఆవిడకీ నేను తీసుకున్నదే అని. ఒకసారి వ్యానులో, ఇండియానా దాటుతుండగా, ఆమె ధైర్యం చేసి అడిగింది. “రస్, ఈసారి నా మానిటర్లో నా గొంతు కొంచెం పెట్టమంటావా? నాకేమీ వినపడటం లేదు.” రస్ నవ్వాడు, ముద్దుగానే. “ముందు వరసవాళ్ళకి వినిపిస్తోంది కదా కోల్. నీకు వినిపించి ఏం చెయ్యాలి?” వెనక సీట్లో డ్రమ్ములబ్బాయి కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఇంకెప్పుడూ అడగలేదు.

అలా చెవిలో వేలు పెట్టుకునే ఆమె పేరు తెచ్చుకుంది. పేరంటే సగం పేరే లెండి. పాటలన్నీ ఆమెవే. పెళ్ళికి ముందు అమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడు, తలుపు వేసుకోవడానికి వీలున్న గది వంటింటి వెనక సామాన్ల కొట్టొక్కటే. చలికాలంలో అక్కడ ఊపిరి పొగలు కట్టేది. పిండి డబ్బా మీద కూర్చుని, పచ్చళ్ళ సీసాల మధ్య ఆమె కట్టుకున్న పాటల్ని రస్ వచ్చి టేపు మీద పట్టాడు, గిటార్లు కలిపాడు, ఆ కొట్టు పేరే బాండుకి పెట్టాడు. ‘సాల్ట్ ట్రక్’ అని వాళ్ళ రెండో రికార్డు వచ్చినప్పుడు, కాలేజీ రేడియోలన్నీ చలికాలమంతా అదే వేశాయి. రికార్డు అట్ట మీద ‘అన్ని పాటలూ కోల్డ్ పాంట్రీవే’ అని వేశారు. అందరం సమానం కదా, పేర్లెందుకు అన్నాడు రస్. ఒక పెద్ద పత్రిక, “రస్ బ్రాంట్ రాసిన పాటలకి అతని భార్య గొంతు చక్కగా కుదిరింది” అని రాసింది. రస్ నొచ్చుకున్నాడు పాపం. “రేపు ఫోన్ చేసి సరిచేయిస్తాను,” అన్నాడు. ఆ రేపు రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమె రచ్చ గెలిచింది, ఆ గెలుపు ఇంటికి వచ్చేసరికి వేరేవాళ్ళ పేరు మీద వచ్చింది.

కూతురు నెల్ పుట్టాక వ్యానులో పాలు పిండుకుని సీసాలు ఐసు పెట్టెలో దాచుకుంటూ కొన్నాళ్ళు తిరిగింది. ఆ పెట్టెలోనే బీర్లు కూడా ఉండేవి. ఎవడో ఒకడు చీకట్లో సీసా తీసి మూత విప్పి, “ఛీ,” అనేవాడు, అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. తరవాత జనం తగ్గారు, కొత్త బాండులొచ్చాయి. రస్ గ్యారేజీలో స్టూడియో పెట్టుకుని కుర్రవాళ్ళ రికార్డులు చేసిపెట్టడం మొదలుపెట్టాడు. అది సంపాదనో కాలక్షేపమో ఎవరూ తేల్చలేదు. ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా కావాలి కాబట్టి కోలీన్ స్కూలు బస్సు ఎక్కింది. నెల్ కాలేజీకి వెళ్ళిపోయింది, డాట్ ఇంటికొచ్చింది. వంట, మందులు, బస్సు, బట్టలు. ఆమెకి ఏడుపు వచ్చి చాలా ఏళ్ళయింది. అది మంచి లక్షణమేనేమో అనుకునేది.

బస్సులో ఒక పద్ధతి ఉంది. పిల్లలందరూ దిగాక, ఎవరైనా సీట్లో నిద్రపోయి ఉండిపోయారేమోనని డ్రైవరు చివరిదాకా నడిచి చూడాలి. వెనక గోడకి ఒక బొత్తాం ఉంటుంది. అది నొక్కేదాకా బస్సు కుయ్యోమంటూనే ఉంటుంది. ఒక జనవరి మధ్యాహ్నం కోలీన్ అలాగే నడిచింది, సీట్ల కింద వంగి చూసింది, ఎవరిదో ఒంటి చేతితొడుగు ఏరి జేబులో పెట్టుకుంది, బొత్తాం నొక్కింది. మోత ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎందుకో చిన్న కూనిరాగం తీసింది. అది రేకు గోడల వెంట ముందరి అద్దం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఎవరా అని తలెత్తి చూసింది. ఎవరూ లేరు. బయట మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే బండి పోతోంది. ఇంకోసారి తీసింది, కొంచెం గట్టిగా. మళ్ళీ వచ్చింది. అక్కడే చివరి సీట్లో, కోటు విప్పకుండా కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచీ, పిల్లల్ని దింపడానికీ బస్సుని డిపోలో పెట్టడానికీ మధ్య దొరికే కాస్త సమయం ఆమెదయింది. పాటలు వాటంతటవే రాసాగాయి. ఒంటి చేతితొడుగుల మీద ఒకటి. అత్తగారి మందులపెట్టె మీద ఒకటి. ఎప్పుడూ అందరికంటే చివర దిగే ఒక పిల్ల, ఇంటి తలుపు తీసేదాకా వెనక్కి తిరిగి బస్సునే చూస్తుంది, ఆ చూపు మీద ఒకటి. గిటారు లేదు, ఏమీ లేదు, ఇంజను కట్టేసిన బస్సులో ఒక ఆడమనిషి గొంతు. ఫోన్లో పట్టుకుని దాచుకునేది. ఎవరికీ వినిపించాలని అనుకోలేదు. ఆ పాటల దగ్గర మాత్రం లోపలి మొద్దుతనంలో సూదిమొన అంత చోట స్పర్శ ఉండేది. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉంటే చాలనుకుంది.

పోయిన నెల ఒక సాయంత్రం ట్యూనా చేప, నూడుల్సు కలిపి ఓవెన్లో పెట్టింది తీసి బల్ల మీద పెడుతుంటే, రస్ మామూలుగా అన్నాడు, “నీ ఫోన్లో పాటలు విన్నాను కోల్.”

ఇంట్లో ఫోన్లన్నీ ఒకే ఖాతా మీద ఉన్నాయి. ఆమె దాచుకున్నది గ్యారేజీలో అతని కంప్యూటర్లో కూడా కనపడుతుందని ఆమెకి తట్టనే లేదు.

“బావున్నాయి. నిజంగా. పచ్చిగా ఉన్నాయి గానీ పనికొస్తాయి. గిటార్లు, డ్రమ్ములు వేసి హోవార్డ్‌కి పంపించాను. ఎగిరి గంతేశాడు.” హోవార్డంటే వాళ్ళ పాత రికార్డు కంపెనీ మనిషి. ‘సాల్ట్ ట్రక్’కి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా మళ్ళీ ఊళ్ళు తిరిగే ఏర్పాటు చేస్తున్నది అతనే.

“నన్నడగలేదు,” అంది కోలీన్.

“అడిగితే ఏమంటావ్? ఏదో నాకోసం పాడుకున్నానంటావ్. నీ సంగతి నాకు తెలీదా? ఆ మొదటి పాటలు మాత్రం నేను టేపు నొక్కకపోతే ఎక్కడుండేవి? పచ్చళ్ళ సీసాల వెనకాల ఉండేవి.”

“మావాడికి చిన్నప్పట్నుంచీ అంతే,” అంది డాట్, నూడుల్సులోంచి బఠాణీలు ఏరి పక్కన పెడుతూ. “ఎవరేం పారేసినా తెచ్చి బాగుచేస్తాడు. పక్కింటివాళ్ళ రేడియో బాగుచేశాడు. నిన్నూ అలాగే తెచ్చుకున్నాడు. వాడే లేకపోతే నువ్వింకా ఆ చర్చిలోనే పాడుకుంటూ ఉండేదానివమ్మాయ్.”

“ఒక్కటే మార్పు,” అన్నాడు రస్. “వీటిల్లో పై గొంతు నేను తీసుకుంటాను. నీది కొంచెం పలచబడింది కదా, బస్సులో పిల్లల మీద అరిచి అరిచి. నువ్వు వెనక నుంచి అందుకో చాలు. ఏమంటావ్?”

“సరే,” అంది కోలీన్. ఆ మాట ఆమె అనలేదు, నోరే అనేసింది. గిన్నెలు కడిగింది. సొమ్మొకరిది సోకొకరిది అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కానీ సొమ్ము పోయినవాళ్ళకి కోపమన్నా రావాలి కదా. కుళాయి కింద చేతులు పెట్టుకుని, వస్తుందేమోనని చాలాసేపు ఎదురుచూసింది. రాలేదు. మర్నాడు పిల్లల్ని దింపాక బస్సు వెనక్కి నడిచి బొత్తాం నొక్కింది. నోరు తెరిచింది. అక్కడ కూడా ఏమీ రాలేదు. ఆ తరవాత నెల రోజులూ రాలేదు. అప్పుడు మాత్రం భయం వేసింది.

ఆ భయం గురించి చెప్పడానికి ఆమెకి ఎవరూ లేరు. నెల్‌కి ఫోన్ చేస్తే, “నాన్న చెప్పాడమ్మా, మళ్ళీ పాడుతున్నావటగా, ఎంత బావుందో,” అంది. నిజమేగా, గ్యారేజీలో పాత పాటలు మళ్ళీ పాడుతోంది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఇందులో తప్పెక్కడుందో చూపించమంటే వేలు పెట్టి చూపించలేదు.

మొదటి ఆట సిన్సినాటిలో, ఇవాళ రాత్రే. హోవార్డ్ సౌండ్ చెక్‌కే వస్తాడు, బస్సు పాటొకటి చెవులారా వింటాడు, కాగితాలు తెస్తాడు. కొత్త రికార్డు కోల్డ్ పాంట్రీ పేరు మీద, అన్ని పాటలూ కోల్డ్ పాంట్రీవే. ఇద్దరూ సంతకం పెడితే అయిపోతుంది. పోయినసారి పాటలు ఎలా పోయాయో ఇవీ అలాగే పోతాయి. కోలీన్‌కి అది అద్దంలో చూసినంత స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా టీషర్టులు చుట్టడం పూర్తి చేసింది, అత్తగారి మందులు పూటకింతని పెట్టెలో సర్దింది, సాయంత్రానికి పక్కింటావిడ వచ్చి వేడి చేసి పెట్టడానికి సూపు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది, వ్యాను తనే నడిపింది. “బస్సు తోలేదానివి, నీకిదెంత,” అని రస్ పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా ఫోన్లు మాట్లాడాడు.

హాలు లోపల మధ్యాహ్నం పూట కూడా చీకటిగా, నిన్నటి బీరు వాసనతో ఉంది. మారిందేమీ లేదు. కోలీన్ అట్టపెట్టెలు మోసుకొచ్చి, తలుపు పక్క బల్ల వేసి, ఒక టీషర్టుని గోడకి తగిలించింది. తరవాత స్టేజి ఎక్కి తన మైకు దగ్గర నిలబడింది. కొత్త డ్రమ్ములబ్బాయి, కొత్త బేసబ్బాయి వైర్లు తగిలించుకుంటున్నారు. హోవార్డ్ బారు దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. ముందు ఒక కవరు, పక్కన గ్లాసు. హాలు చివర సౌండు బల్ల వెనకాల ఉన్నది మగవాడు కాదు. ముప్పై ఏళ్ళుంటాయేమో, జుట్టు పైకి ముడేసుకున్న నల్లజాతి అమ్మాయి. కియానా అని రస్ పరిచయం చేస్తే తలూపి పనిలో పడిపోయింది.

ముందు రస్ వంతయింది. అతనికి కావలసినవి అతను చెప్పుకున్నాడు. “ఆవిడకీ నాకిచ్చిందే ఇవ్వండి,” అన్నాడు, గిటారు తీగ బిగించుకుంటూ.

“ఆవిడ వంతు రానివ్వండి సార్, ఆవిణ్ణే అడుగుతా,” అంది కియానా, స్పీకర్లోంచి. కోపంగా అనలేదు, మర్యాద చెయ్యాలనీ అనలేదు. రోజూ వచ్చే ప్రతి మనిషినీ అడిగే ప్రశ్నే అది. కాసేపాగి, “మధ్య మైకు. మేడమ్, మీ మానిటర్లో ఏం కావాలి?” అంది.

కోలీన్ మైకు కడ్డీ పట్టుకుంది. ఏం కావాలి. ఇంట్లో ఎవరైనా అడిగితే, ఏదైనా పరవాలేదు అనేది. నోట్లోకి ఆ మాటే వచ్చింది కూడా. ఇన్నేళ్ళూ వేలెందుకు పెట్టుకుందో, బస్సు చివర ఎందుకు కూర్చుందో, నెల రోజులుగా ఎందుకు నోరు పెగల్లేదో, అంతా కలిపి ఎవరో ఒక్క ముక్కలో అడిగినట్టుంది. అడిగినామెకి ఆ సంగతేమీ తెలీదు. ఆమెకి ఇంకో నాలుగు మైకులు చూసుకోవాలి.

“తొందరేం లేదండీ,” అంది కియానా.

“నా గొంతు,” అంది కోలీన్.

“ఇంకా?”

“అంతే.”

“గిటారు కొంచెం ఉంచనా?”

“వద్దు. తీసెయ్యండి.”

రస్ తలెత్తి చూశాడు. “కోల్, గిటారు లేకపోతే శ్రుతి ఎలా పట్టుకుంటావ్?” “ఏదన్నా పాడండి మేడమ్,” అంది కియానా. ‘సాల్ట్ ట్రక్’లో మొదటి పాట అందుకుంది కోలీన్. అలవాటు చొప్పున ఎడంచెయ్యి పైకి లేచింది, వేలు చెవిదాకా వచ్చింది, అక్కడ ఆగింది. అవసరం లేకపోయింది. కాళ్ళ దగ్గర్నుంచి ఒక గొంతు లేచి మొహానికి తగులుతోంది. పలచగా లేదు. కొంచెం బొంగురుగా, అడుగున ఇసుక పేరుకున్నట్టు, బస్సు తోలే ఆడమనిషి గొంతులా ఉంది. శ్రుతి తప్పలేదు. ఏళ్ళ తరబడి తప్పుతున్నానేమోనని భయపడుతూ పాడిన మనిషికి ఇప్పుడు తెలిసింది, తను తప్పలేదు. సంతోషం కలగలేదు. తిమ్మిరెక్కిన కాలు నేల మీద మోపినప్పుడు పుట్టే పోటులాంటిది మెడ దగ్గర మొదలై భుజాల్లోకి దిగింది. చాలా నొప్పి పుట్టింది. ఆ నొప్పితోనే పాట చివరిదాకా పాడింది.

“ఆగాగు, ఫొటో తీసే అతనొచ్చాడు,” అన్నాడు రస్. మెడలో కెమెరాతో ఒకాయన స్టేజి కింద నిలబడ్డాడు. “కోల్, ఒక్కసారి వేలు పెట్టు. పోస్టరుకి అదే కావాలి.”

“ఇప్పుడు వినిపిస్తోంది రస్.”

“ఏంటి?”

“నాకు వినిపిస్తోంది. ఇంక వేలక్కర్లేదు.”

ఫొటో ఆయన రస్ వంకా ఆమె వంకా చూసి కెమెరా దించాడు. రస్ ఒక నవ్వు నవ్వాడు, హోవార్డ్‌కి కనపడేలాగా. “సరే సరే, మూడ్‌లో ఉంది మా ఆవిడ. కొత్త పాటకి వద్దాం. హోవార్డ్, ఇదే నేను చెప్పింది. ఒంటి చేతితొడుగు.” తన మైకుని దగ్గరికి లాక్కుని, డ్రమ్ములబ్బాయికి కన్ను గీటి, గిటారు మొదలుపెట్టాడు. ఆమె మానిటర్లో ఆ గిటారు లేదు. దూరంగా, పక్క గదిలో ఎవరో వాయిస్తున్నట్టుంది అంతే.

పల్లవి చోటు వచ్చింది. రస్ నోరు తెరిచేలోపల కోలీన్ అందుకుంది. వెనక నుంచి కాదు. బస్సులో ఎలా పాడిందో అలాగే, అదే నడక. నెల రోజులుగా రానిది వచ్చింది. ఆ నడక గిటారు నడకకి కుదరదు. డ్రమ్ములబ్బాయి రెండు దెబ్బలు వేసి ఎటు పోవాలో తెలియక కర్రలు పైకెత్తి ఆపేశాడు. బేసబ్బాయీ ఆగాడు. రస్ కాసేపు ఒక్కడే వాయించి ఆపాడు. ఒక చరణం పూర్తయ్యేదాకా హాల్లో ఆ గొంతు తప్ప ఇంకేం లేదు. హోవార్డ్ గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగాడు.

“ఏంటిది?” అన్నాడు రస్, నెమ్మదిగా, పళ్ళు బిగించి. “పై గొంతు నాదని అనుకున్నాం కదా.”

“నువ్వనుకున్నావు. నేను సరే అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను,” అంది కోలీన్. గొంతు వణకలేదు. వణికితే మానిటర్లో తెలిసేది. బారు వైపు తిరిగి, “హోవార్డ్, పాత పాటలు ఒప్పుకున్న ఊళ్ళన్నిట్లోనూ పాడతాను. బస్సులో పాటలు మాత్రం కోల్డ్ పాంట్రీవి కావు. అవి నావి. నా పేరు మీద వస్తే వస్తాయి, లేకపోతే బస్సులోనే ఉంటాయి. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను,” అంది.

హోవార్డ్ కవరుని కొంచెం పక్కకి జరిపాడు, తడి తగలకుండా.

రస్ నాలుగడుగులు ఇటు వేశాడు. మొహంలో కోపం కంటే తెల్లబోవడమే ఎక్కువ. ఆ మొహం చూస్తే ఆమెకి జాలి కూడా వేసింది, పాతకాలపు జాలి. చెడ్డవాడు కాదు. చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, అందరికీ వినపడేట్టు, “ఏమంటున్నావు కోల్? నాకేమీ వినపడటం లేదు,” అన్నాడు.

కోలీన్ మైకు వైపు వంగి హాలు చివరి బల్లకేసి చూసింది.

“కియానా,” అంది, “ఆయనకీ నాకిచ్చిందే ఇవ్వండి.”